కొత్త ఇన్నోవానా, పాత బెంజా?

శంషాబాద్ దగ్గరి పాల్మాకుల నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. ఎప్పుడూ పిల్లల చదువులు, అమ్మ మోకాళ్ల నొప్పులు అడిగేవాడు, ఈసారి నేరుగా విషయానికి వచ్చాడు. "అన్నా, పాతిక లక్షలకు బెంజ్ ఇస్తమంటున్నరు. ఆరేండ్ల బండి. తీసుకోమంటవా, లేకుంటే అవే పైసలకు కొత్త ఇన్నోవా బుక్ జెయ్యమంటవా?" అన్నాడు. రెండు రోజులు టైమివ్వమన్నాను. ఆ రెండు రోజుల్లో తెలిసినవాళ్లతో మాట్లాడాను: షెడ్డు మేస్త్రీ, ఇన్సూరెన్స్ సర్వేయర్, రవాణా శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఇలాంటి కారు కొని అమ్మేసిన ఇద్దరు, కొని ఇప్పటికీ సంతోషంగా నడుపుతున్న ఒకాయన. వాళ్లందరి మాటలూ, నాకు తెలిసిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. శంషాబాద్ చుట్టుపక్కల ఇదే ప్రశ్న చాలా ఇళ్లలో నలుగుతోంది మరి.

ఇక్కడే ఎందుకు నలుగుతోందంటే దానికో చరిత్ర ఉంది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్‌కు వచ్చాయి. దాదాపు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం లేచింది. అదే ఏడాది గచ్చిబౌలి వైపు నుంచి ఔటర్ రింగు రోడ్డు తొలి ముక్క తెరుచుకుంది. మరుసటి ఏడు మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. జొన్నలూ కూరగాయలూ పండిన చేలు గజాల లెక్కన అమ్ముడుపోయాయి. పొలం పోయింది, చేతికి డబ్బొచ్చింది. రోజూ ఇంటి ముందు నుంచే నగరంలో అతి ఖరీదైన కార్లు విమానాశ్రయానికి పోతుంటాయి. ఫంక్షన్ హాలు ముందు కారు దిగేటప్పుడు నలుగురూ ఎలా చూస్తారన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. తాతలనాటి భూమి చేజారినవాడు దాని గుర్తుగా ఒక విలువైన వస్తువు ఇంటి ముందు ఉండాలనుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. ఆ కోరికను ఎగతాళి చేసేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. ఆ కోరిక తెలిసి దాని మీద వ్యాపారం చేసేవాళ్ల నుంచి మా తమ్ముణ్ని కాపాడుకోవాలన్నదే నా పట్టింపు.

ముందు ధర సంగతి. లెక్క కోసం, కొత్తగా ఉన్నప్పుడు 70 లక్షలైన కారు అనుకుందాం. ఆరేళ్లకు అది పాతికకు దిగిందంటే కొనేవాడికి 45 లక్షలు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ దాని హెడ్‌లైటు పగిలితే, గేరుబాక్సు మొరాయిస్తే, విడిభాగం 70 లక్షల కారు విడిభాగమే. రాణిగంజ్‌లోనూ పుత్లీబౌలిలోనూ విడిభాగాల దుకాణాల్లో మారుతికి, టయోటాకు దొరికినట్టు వీటికి నాలుగు రకాల సామాను దొరకదు. దొరికినా అది కొత్తదో, ఏ ప్రమాదంలో నుజ్జైన బండిలోంచి తీసిందో కనిపెట్టడం కష్టం. పుణెలో, చెన్నైలో, ఔరంగాబాద్‌లో బిగించిన మోడళ్లకు కాస్త నయం. పూర్తిగా విదేశంలో తయారై ఓడ దిగిన బండికైతే ఒక్కో భాగం కోసం వారాల తరబడి కాచుకోవాలి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద జి.ఎస్.టి. 40 శాతమైంది. అంతకుముందు 28 శాతం పన్ను, దానిపై 22 శాతం దాకా సెస్సు ఉండేవి. అంటే కొత్త కార్ల ధరే తగ్గింది. అమ్మేవాడు "అప్పట్ల డెబ్బై లక్షల బండి సార్" అంటాడు. మనం ఆ పాత ధర దగ్గర మొదలెట్టకూడదు, ఇప్పుడు అదే కొత్తది ఎంతో షోరూంలో అడిగి అక్కడి నుంచి దిగాలి. పైగా 2025 జులైలో బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందంలో అక్కడి నుంచి వచ్చే కార్లకు, కోటా మేరకు, సుంకం బాగా తగ్గించే ఏర్పాటుంది. దిగుమతి కార్ల ధర దిగేకొద్దీ పాతవాటి విలువ ఇంకా పడుతుంది. ఇవాళ కొన్నవాడు మూడేళ్ల తర్వాత అమ్మబోతే ఈ దెబ్బ తెలుస్తుంది.

ఇక యంత్రం. షెడ్డు మేస్త్రీతో గంటన్నర కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా జర్మన్ బండ్లే చేస్తున్నాడు. ఆయన మాటల్లో భయపెట్టడం లేదు, ఒక్కో బండి రోగం ఒక్కో మనిషి రోగంలా చెప్పుకుపోయాడు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండిలో ఇనుప స్ప్రింగు బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. మన ఎండలకు రబ్బరు పగులుతుంది, గాలి సన్నగా కారుతుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. తిత్తి మార్చాల్సిన చోట తిత్తీ కంప్రెసరూ రెండూ మార్చాల్సి వస్తుంది. బి.ఎం.డబ్ల్యూలో 2007 తర్వాత కొన్నేళ్లు వచ్చిన ఎన్47 డీజిల్ ఇంజనుకు టైమింగ్ చైను గేరుబాక్సు వైపున ఉంటుంది. అది అరిగి గలగలమంటే ఇంజను బయటికి దించకుండా చేయి పెట్టే వీల్లేదు. ఏడు గేర్ల డ్రై క్లచ్ ఉన్న ఆటోమేటిక్‌లు ఆరాంఘర్ చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి అడుగడుగునా ఆగి కదిలేచోట వేడెక్కిపోతాయి. రన్‌ఫ్లాట్ టైర్లు గాలి పోయినా కొంతదూరం నడుస్తాయి కానీ, పక్కగోడ గట్టిది కావడంతో గుంతల్లో పడితే వాచిపోతాయి. చాలా మోడళ్లకు స్టెప్నీ కూడా ఉండదు.

2020 ఏప్రిల్ తర్వాతి బి.ఎస్.6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి స్థిరమైన వేగంతో కొంతసేపు పోతేనే ఆ మసి కాలి ఫిల్టరు శుభ్రపడుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు బజారుకు పోయి వచ్చే బండిలో అది మూసుకుపోతుంది. ఈ విషయంలో శంషాబాద్‌వాళ్లు అదృష్టవంతులే. 158 కిలోమీటర్ల ఔటర్ గడప ముందే ఉంది, 2023లో అక్కడ వేగపరిమితి 120కి పెరిగింది కూడా. వారానికోసారి గచ్చిబౌలిదాకా పోయొస్తే చాలు. ఔటర్ ఎక్కే పని లేని ఇంటికి డీజిల్ లగ్జరీ బండి వద్దని మేస్త్రీ ఖరాఖండిగా చెప్పాడు. పెట్రోలు పరిస్థితి వేరు. దేశమంతా ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే ఎక్కువ. దానికి సరిపడే రబ్బరు గొట్టాలు, సీళ్లు వాడాలన్న నియమం 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకే వచ్చింది. పాత పెట్రోలు బండి తీసుకుంటే ఇంధన గొట్టాలు చూపించుకోవడం ఒక ఖర్చుగా ముందే రాసుకోవాలి.

మీటరు వెనక్కి తిప్పడం పాత విద్యే. విమానాశ్రయం దగ్గర దానికి ఆస్కారం ఎక్కువ. అతిథుల్ని తెచ్చి దించే హోటల్ బండ్లు, పెళ్లిళ్లకు అద్దెకు తిరిగే బండ్లు, సెల్ఫ్ డ్రైవ్ బండ్లు రోజుకు వందల కిలోమీటర్లు తిరిగి, రెండు మూడేళ్లలో అలసిపోయి, "డాక్టర్ గారి సొంత బండి" అన్న పేరుతో అమ్మకానికి వస్తాయి. ఆర్‌సిలో ముందు ట్యాక్సీగా ఉండి తర్వాత సొంత వాహనంగా మారిందేమో చూడాలి. స్టీరింగు తోలు, బ్రేకు పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు అరుగుదల మీటరుకన్నా నిజం చెబుతాయి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబరు ఇచ్చి పాత సర్వీసుల చిట్టా అడగాలి. యజమాని చేత అడిగిస్తే ఇస్తారు. అదే నంబరుతో తయారీ లోపాల రీకాల్ ఏదైనా మిగిలి ఉందేమో కూడా తెలుసుకోవాలి. తకాటా ఎయిర్‌బ్యాగుల లోపం ప్రపంచమంతా కోట్లాది బండ్లకు తగిలింది. ఆ కాలపు జర్మన్ కార్లు కూడా వాటిలో ఉన్నాయి.

నీళ్ల సంగతి ఇంకా వివరంగా చెప్పాలి. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగింది. బెంగళూరు హైవే మీద నీరు పోటెత్తి వాహనాల్ని, మనుషుల్ని ఈడ్చుకుపోయింది. ప్రాణాలు పోయాయి. ఆ వారం హైదరాబాద్‌లో ఎన్ని సెల్లార్లలో ఎన్ని కార్లు మునిగాయో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు 2015 డిసెంబర్‌లో చెన్నై మునిగింది, 2023 డిసెంబర్‌లో మళ్లీ మునిగింది. 2024 సెప్టెంబర్ మొదటివారంలో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. మునిగిన కారును ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్‌గా తేల్చాక అది శిథిలంగా వేలంలో అమ్ముడవుతుంది. దాన్ని ఎండబెట్టి, సీట్లు కడిగి, మళ్లీ రోడ్డెక్కించేవాళ్లున్నారు. మామూలు కారైతే ఎండితే ఎంతో కొంత నడుస్తుంది. లగ్జరీ కారులో పదుల సంఖ్యలో కంట్రోల్ యూనిట్లు సీట్ల కిందా, కార్పెట్ కిందా ఉంటాయి. నీరు తగిలిన కనెక్టర్ లోపల పచ్చగా తుప్పు పట్టి, ఏడాది తర్వాత ఒక్కో దీపం డాష్‌బోర్డు మీద వెలుగుతుంది. ఏ మేస్త్రీ దాన్ని కుదురుగా బాగుచేయలేడు.

కనిపెట్టే మార్గాలున్నాయి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివరి జానెడు చూడండి, బురద గీత అక్కడ దొరుకుతుంది. స్టెప్నీ గుంటలో, సీటు బోల్టుల చుట్టూ సన్నని ఒండ్రు, తుప్పు ఉందేమో వేలితో తడమండి. ఏసీ వేసి అద్దాలు మూసి ఐదు నిమిషాలు కూర్చుంటే ముక్కుకు తెలుస్తుంది, ఎంత అత్తరు కొట్టినా సరే. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర యజమాని చేత తెప్పించండి. ఏ నెలలో పెద్ద క్లెయిము వచ్చిందో, ఆ నెలలో ఆ ఊళ్లో వాన పడిందో లేదో రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎయిర్‌బ్యాగులదీ ఇలాంటి సంగతే. ఒకసారి విచ్చుకున్న ఎయిర్‌బ్యాగు ఖరీదు చాలా ఎక్కువ కాబట్టి, పైన మూత మాత్రం బిగించి అమ్మేవాళ్లుంటారు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే అది శుభసూచకం కాదు, ఎవరో ఆ దీపాన్ని చంపేశారని అర్థం. ఔటర్ మీద భార్యాపిల్లల్ని కూర్చోబెట్టుకుని పోయే బండి అది. ఇందులో రాజీ పడొద్దని నా తమ్ముడికి రెండుసార్లు చెప్పాను.

ఇంజను బాగుండి, నీళ్లు తగలక, ధర కుదిరినా, శంషాబాద్‌లో కొనేవాడికి అసలు పరీక్ష కాగితాల దగ్గరే ఎదురవుతుందని నా నమ్మకం. 2021 ఆగస్టులో రవాణా శాఖ అధికారులు శంషాబాద్ ప్రాంతంలో పదకొండు ఖరీదైన కార్లను పట్టుకున్నారు. ఇతర రాష్ట్రాల రిజిస్ట్రేషన్‌తో, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టకుండా తిరుగుతున్నాయన్నది కారణం. పన్ను తక్కువున్న పుదుచ్చేరిలాంటి చోట రిజిస్టర్ చేయించి, బండి మాత్రం ఇక్కడ తిప్పడం అప్పటికే పెద్ద అలవాటుగా ఉంది. ఆ అలవాటు ఖర్చు చివరికి పడేది సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడి నెత్తిన.

లెక్క చూడండి. తెలంగాణలో 10 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్స్ ఒకప్పుడు 14 శాతం. 2022 మేలో 20 లక్షలు దాటినవాటికి 18 శాతమైంది, 2025 ఆగస్టులో ఖరీదైన కార్ల మీద మళ్లీ పెంచారు. ఆరేళ్ల కిందట ఇక్కడే రిజిస్టరైన 70 లక్షల కారుకు మొదటి యజమాని 9 లక్షల 80 వేలు కట్టేసి ఉంటాడు. అది జీవితకాలపు పన్ను కాబట్టి, పేరు మార్పించుకున్న రెండోవాడు మళ్లీ కట్టక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారులో నాకు నిజంగా లాభంగా కనిపించింది ఇదే. ఢిల్లీదో, పుదుచ్చేరిదో నాలుగు లక్షలు తక్కువకు వచ్చిందని కొంటే, ఎన్.ఓ.సి. తెచ్చి, బండి వయసును బట్టి ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబరు వేయించుకునేసరికి ఆ తక్కువ కాస్తా తిరగబడుతుంది. వేరే రాష్ట్రపు నంబరుతో పన్నెండు నెలలు దాటి తిప్పకూడదని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షనే చెబుతోంది. ఢిల్లీ డీజిల్ బండ్లు ఇటు ఎందుకు వస్తాయో కూడా తెలుసుకోవాలి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్‌కు రోడ్డు లేదని 2015లో హరిత ట్రైబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు ఆ మాట నిలబెట్టింది. వయసు దగ్గర పడిన బండి దక్షిణానికి దిగడం అలా మొదలైంది. అందులో మోసం లేదు కానీ, దాని తక్కువ ధరకు కారణం అది.

దిగుమతి బండైతే ఇంకా జాగ్రత్త. 2025లో హైదరాబాద్‌లో ఖరీదైన విదేశీ కార్లు అమ్మే డీలర్ ఒకరిని రెవెన్యూ ఇంటెలిజెన్స్ విభాగం డి.ఆర్.ఐ. అరెస్టు చేసింది. విలువ తగ్గించి చూపి కోట్ల సుంకం ఎగ్గొట్టారన్నది అభియోగం. అదే ఏడాది సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ అధికారులు భూటాన్ మీదుగా వచ్చాయన్న కార్ల కోసం సినిమా నటుల ఇళ్లు కూడా సోదా చేశారు. ఇలాంటి కేసుల్లో బండి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల దగ్గర్నుంచే పోతుంది. కస్టమ్స్ కాగితం బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించలేని దిగుమతి కారును చూడను కూడా వద్దు.

ఇక్కడి బండే అయినా కొన్ని పనులు వదలకూడదు. లోనుంటే బ్యాంకు ఎన్.ఓ.సి., ఫారం 35. అమ్మకానికి ఫారం 29, 30. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్‌లో దొంగ బండి కాదన్న సర్టిఫికెట్. పెండింగ్ చలాన్లు. డీలరైతే, 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలి. అడిగితే చూపించనివాడి దగ్గర టోకెన్ కూడా ఇవ్వొద్దు. డబ్బు బ్యాంకు ద్వారానే. భూమి డబ్బు నగదుగా ఉందని సంచీలో పోసి ఇచ్చేవాళ్లను చూశాను. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టంలో నేరుగా నిషిద్ధం. రేపు తగాదా వస్తే ఇచ్చినట్టు రుజువూ ఉండదు.

పేరు మార్పును "తర్వాత చూద్దాం" అని వదిలేసేవాళ్లు ఎక్కువ. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదం జరిగితే ఆర్‌సిలో పేరున్నవాడే బాధ్యుడని తేల్చింది. అది విని అమ్మేవాళ్లు జాగ్రత్తపడ్డారు. కొనేవాళ్లు గుర్తించనిది ఇంకోటుంది. ఎదుటివాళ్లకు జరిగిన నష్టం వరకు పాత పాలసీ కొత్త యజమానికి దానంతటదే వర్తిస్తుంది, మన బండికి జరిగిన నష్టానికి మాత్రం వర్తించదు. పద్నాలుగు రోజుల్లోపు పాలసీ మార్పించుకోకుండా ఔటర్ మీద లారీని గుద్దితే పాతిక లక్షలూ మన జేబులోంచే. ఐదేళ్లు దాటిన బండికి తరుగుదల కోయని జీరో డిప్ పాలసీ దొరకడమూ కష్టమే. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, ఎయిర్‌బ్యాగుల విలువలో సగం, లోహపు భాగాల్లో 40 శాతం మనమే భరించాలి. లగ్జరీ కారు ముందుభాగమంతా ప్లాస్టిక్కూ సెన్సర్లే కదా.

కొనొచ్చు అనేవాళ్ల వాదన కూడా నేను శ్రద్ధగా విన్నాను. నాలుగేళ్లుగా పాత సెడాన్ నడుపుతున్న ఆయన చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. తెల్లవారుజామున విమానానికి పోతున్నప్పుడు 110 మీద ఆ కారు రోడ్డును అంటిపెట్టుకుని పోయే తీరు, లోపలి నిశ్శబ్దం, వెనక సీట్లో అమ్మ నిద్రపోవడం, ఇవి ఏ కొత్త ఇన్నోవా ఇవ్వదన్నాడు. నిజమే. బ్రేకులు, శరీర నిర్మాణం, సీట్లు మరో తరగతివి. కానీ ఆయన కొన్నది ఒకే యజమాని నడిపిన, ఇక్కడే రిజిస్టరైన, సాధారణ స్ప్రింగులున్న పెట్రోలు బండి. ఇంట్లో ఇంకో చిన్న కారుంది. మరమ్మతుల కోసమని బ్యాంకులో విడిగా నాలుగు లక్షలు పక్కన పెట్టుకున్నాడు. అప్పు చేయలేదు.

అమ్మేసిన ఇద్దరి కథ వేరు. ఒకాయనకు అదే ఇంట్లో ఏకైక బండి. గేరుబాక్సు కోసం నెలన్నర షెడ్డులో ఉంటే పిల్లల్ని బడికి ఆటోలో పంపాడు. ఇంకొకాయన ఇ.ఎం.ఐ. మీద కొన్నాడు. వాయిదా ఒకవైపు, రిపేరు బిల్లు ఇంకోవైపు నలిపేశాయి. ఊళ్లోకి పోయే దారిలో స్పీడ్ బ్రేకర్లకు అడుగుభాగం గీసుకుని ఆయిల్ సంప్ పగిలింది కూడా.

నా అభిప్రాయం నాలుగు షరతుల మీద నిలబడి ఉంది: తెలంగాణ రిజిస్ట్రేషన్, మొదటి యజమాని చేతి నుంచి, పూర్తి సర్వీసు చిట్టాతో, కొన్న ధరలో ఐదో వంతు మరమ్మతులకు విడిగా ఉంచుకుని. ఇవన్నీ కుదిరి, ఇంట్లో ఇంకో బండి ఉంటే నిశ్చింతగా కొనవచ్చు, ఆ సుఖం అనుభవించదగ్గదే. ఒక్కటి కుదరకపోయినా ఇన్నోవానే మేలు. రేపు పెళ్లి ఉందని ఈ వారంలోనే కొనాలనుకుంటే మాత్రం, పెళ్లికి అద్దెకు తీసుకోవడం మంచిది.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. కాగితాలు చూశాడు, బాగానే ఉన్నాయి. శంషాబాద్ నుంచి పెద్ద గోల్కొండ, తుక్కుగూడ దాకా ఔటర్ మీద నడిపి చూశాడు, సర్వీసు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు ఎక్కించి చూశాడు, మురిసిపోయాడు. "ఒక్క పని మిగిలింది తమ్ముడూ. రేపు తెల్లారి ఆరింటికే వాళ్లింటికి పో. స్టార్ట్ చేయొద్దని ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పు. బండి చుట్టూ తిరిగి, నాలుగు చక్రాల మీద ఎంతెంత సందుందో వేళ్లు పెట్టి కొలువు" అన్నాను.

ఆరున్నరకు ఫోనొచ్చింది. "అన్నా, మూడు చక్రాల మీద నాలుగు వేళ్లు పడుతున్నయి. ఎడమ దిక్కు ఎన్కది రెండే."